అస్లాం భాయ్ ఎడమ కాలు

మా గల్లీలో ఏ చెప్పుల చప్పుడు ఎవరిదో వంటింట్లో కూర్చుని కూడా చెప్పగలను. నలభై ఏళ్ళుగా ఇదే గడప మీద బియ్యం ఏరుతున్నదాన్ని, ఆ మాత్రం తెలియకపోతే ఎట్లా? అందరివీ రెండు కాళ్ళ చప్పుళ్ళు. ఎదురింటి అస్లాం భాయ్‌ది మాత్రం ఒకటిన్నర. కుడికాలు టప్పున పడుతుంది, ఎడమకాలు సర్రున జారుతుంది. టప్, సర్. టప్, సర్. ఎవరైనా ఎదురొస్తే చాలు, రెండూ టప్ టప్ అయిపోతాయి. మనిషి వెదురుబద్దలా నిటారుగా నిలబడతాడు.

"ఎట్లున్నరు భాయ్?" అని నేను రోజూ అడుగుతాను.

"ఠీక్ హూఁ అక్కా, ఫస్ట్ క్లాస్!" అని రోజూ అంటాడు. ఫౌజు నుంచి ఇంటికి వచ్చి ఇరవై రెండేళ్ళయింది. జ్వరంలో ఉన్నా ఇదే జవాబు. వాళ్ళమ్మ పోయిన మూడో రోజు అడిగినా ఇదే జవాబు.

నాకు ఒక సంగతి సగం తెలిస్తే అన్నం సహించదు. ఆ 'సర్' ఏమిటో కనుక్కుందామని గల్లీ మొదట్లో చెప్పులు కుట్టే గుండయ్య దగ్గరికి వెళ్ళాను.

"గుండయ్యా, అస్లాం భాయ్ చెప్పులు నీ దగ్గరికే వస్తయి గదా?"

"వస్తయక్కా."

"ఎడమది ఎట్లుంది?"

"చెప్పు లెక్కనే ఉంది."

"చెప్పు సంగతి కాదు, కాలు సంగతి అడుగుతున్న."

"నా దగ్గరికి చెప్పు వస్తది గని కాలు రాదక్కా," అని మళ్ళీ సూది అందుకున్నాడు. అలాంటి మనిషితో ఏం మాట్లాడతాం?

చివరికి నేనే చూశాను. ఒక రంజాన్‌కి అస్లాం భాయ్ మా ఇంటికి షీర్ ఖుర్మా పట్టుకొచ్చి, చెప్పులు గడప బయట విడిచి లోపలికి వచ్చాడు. గిన్నె కడిగే వంకతో నేను బయటికి వెళ్ళి రెండు చెప్పులూ తిరగేశాను. కుడిచెప్పు అందరి చెప్పులాగే వేళ్ళ దగ్గర అరిగింది. ఎడమచెప్పు ముందుభాగం కొన్న నాటిలాగే ఉంది. మడమ దగ్గర మాత్రం నేల కనిపించేంత అరిగిపోయింది. ఆ చెప్పులో కాలివేళ్ళు ఏనాడూ ఆనలేదు. మే నెల ఎండలో కూడా మేజోళ్ళు తొడుక్కుని తిరిగేది ఎందుకో అప్పుడు అర్థమయింది.

మహబూబ్ బీ అతని భార్య. ఆమెను పట్టుకుని అడిగితే ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుని చెప్పింది. ఆ ఒట్టు ఇప్పుడు చెల్లదులెండి, అస్లాం భాయ్ స్వయంగా రాయమన్నాకే రాస్తున్నాను.

అతను ఫౌజులో వంటవాడు. చేతిలో తుపాకీ కంటే గరిటే ఎక్కువగా ఉండేది. ఉత్తరాన మంచుకొండల మీద ఒక చిన్న పోస్టులో పన్నెండుమందికి వండిపెట్టేవాడు. ఒకసారి మూడు రోజులు ఆగకుండా మంచు తుఫాను. స్టవ్వులో కిరోసిన్ అయిపోయింది. క్యాన్లేమో బయట మంచులో కూరుకుపోయాయి. పోయి తవ్వుకురమ్మని హుకుం వచ్చింది. నాలుగు గంటలు తవ్వి తెచ్చాడు, పన్నెండుమందికీ చాయ్ కాచి ఇచ్చాడు. తర్వాత బూటు విప్పితే ఎడమ కాలివేళ్ళు నల్లబడి ఉన్నాయి. ఆసుపత్రిలో అయిదింటినీ తీసేశారు.

కొన్నాళ్ళకు మెడికల్ బోర్డు ముందు నిలబెట్టి ఇంటికి పంపించారు. వచ్చేటప్పుడు ఇంగ్లీషులో ఒక కాగితం ఇచ్చారు. అస్లాం భాయ్‌కి ఇంగ్లీషు రాదు. కింద కర్నలు సంతకం, గుండ్రటి మొహరు చూసి మెప్పు కాగితమే అనుకున్నాడు. చార్మినార్ దగ్గరికి పోయి, చిరగకుండా, నలగకుండా దానికి ప్లాస్టిక్ తొడుగు వేయించి ట్రంకుపెట్టెలో దాచాడు. పండగకోసారి తీసి తుడిచేవాడట.

రెండేళ్ళ కిందట డిగ్రీ చదివే కూతురు లుబ్నా తన పుట్టిన సర్టిఫికెట్ కోసం ట్రంకు వెతుకుతుంటే ఆ కాగితం బయటపడింది. పిల్ల చదివి, వాకిట్లోనే కూలబడింది.

"అబ్బాజాన్, దీంట్ల ఏం రాసిండ్రో తెల్సా నీకు?"

"నా సర్వీసు గురించి మంచిగ రాసిండ్రు బేటా."

"నీ లాపర్వాయి, నీ అజాగ్రత్త వల్లనే కాలు పోయిందని రాసిండ్రు. తడి సాక్స్ మార్చుకోలేదంట. ఇంకోటి, నడుసుటానికి ఏం ఇబ్బంది లేదంట!"

నేను గడప మీదే ఉన్నాను, అంతా విన్నాను.  అస్లాం భాయ్ ఆ కాగితం తీసుకుని, తన రుమాలుతో ఒకసారి తుడిచి, బోర్లా పెట్టాడు. ఆ రోజు షాదీఖానాలో పెళ్ళి వంటకు వెళ్ళలేదు. ఫౌజు నుంచి వచ్చాక అతని పని అదే, నిలబడి పెద్ద పెద్ద బిర్యానీ డేగిశాలు కలపడం.

కాలికి రావలసిన వేరే పెన్షన్ ఆ రెండు మాటల వల్లే రాలేదు. అయితే అస్లాం భాయ్‌ని కోసింది పెన్షన్ కాదు. "పన్నెండుమందిల ఒక్కడు గూడ ఆకలితోని పండలే అక్కా. నన్ను లాపర్వా అంటరా?" అన్నాడు నాతో. ఆ ఒక్క మాట కొట్టేయించాలి. అదే అతని పట్టుదల.

ఫౌజీల కేసులు చూసే వకీలు వెస్లీ గారు. ఒకప్పుడు తనూ ఫౌజులో గుమాస్తాగా చేసినవాడే. ఆయన ఫౌజీల ట్రిబ్యునల్లో అప్పీలు వేశాడు. ఏడాదిన్నర వాయిదాలు నడిచాయి. మొన్న చలికాలంలో ఒక సాయంత్రం స్కూటర్ మీద వచ్చాడు. నేను అప్పుడే కొంచెం కొత్తిమీర అడగడానికని ఎదురింట్లోకి వెళ్ళాను. కొత్తిమీర మా ఇంట్లో లేకపోలేదు.

"బెంచీవాళ్ళు నిన్నే నేరుగ అడుగుతరంట అస్లాం భాయ్," అన్నాడు వెస్లీ గారు. "కంటోన్మెంటు దిక్కు కోర్టుహాలుకు పోయి నిలబడొచ్చు. లేకుంటే ఇంట్లనే కూసోని ఫోన్‌ల వీడియో మీద మాట్లాడొచ్చు. ఏదైనా సరే, శుక్రవారం లోపట చెప్పాలె."

"ఫోన్‌లనా?" అస్లాం భాయ్ మొహం మాడ్చుకున్నాడు. "పెద్దసాబ్ పిలిస్తే హాజిర్ కావాలె వకీల్ సాబ్. డబ్బాల మొహం చూపిచ్చుడు ఏం మర్యాద?"

"పోతేనే మంచిది," అన్నాను నేను. నన్నెవరూ అడగలేదనుకోండి. "మనిషిని చూస్తే తెలుస్తది. ఫోన్‌ల కాలు కనబడదు గదా?"

మహబూబ్ బీ చేతిలోని చాయ్ పళ్ళెం దించి నా వైపు తిరిగింది. "నీకు తెల్వదక్కా ఈయన సంగతి. ఆ బోర్డు ముందల ఏం చేసిండో చెప్పమను!"

అస్లాం భాయ్ గోడకేసి చూశాడు. ఆమే చెప్పింది. కొత్తగా కుట్లు విప్పిన కాలికి, బూటులో దూది కుక్కుకుని, బోర్డు గదిలోకి పరేడ్‌లో పోయినట్టు పోయాడట. మడమ కొట్టి సెల్యూట్ చేశాడట. "కైసే హో జవాన్?" అని కర్నలు అడిగితే, "ఠీక్ హూఁ సాబ్!" అన్నాడట. నడకలో ఏమైనా ఇబ్బంది ఉందా అంటే, "నహీఁ సాబ్!" అని గది అదిరేటట్టు అరిచాడట. వాళ్ళు అదే రాసుకున్నారు.

"సాబ్ అడిగితే బాలేదని ఎట్ల చెప్తరు?" అన్నాడు అస్లాం భాయ్ మెల్లగా. "పద్దెనిమిదేండ్లకు పోయిన. మొట్టమొదలు నేర్పింది గదే."

వెస్లీ గారు తల గోక్కుని, "సరే, ఒకసారి చూద్దాం. నేను జడ్జిని. బయటికెళ్ళి లోపలికి రా," అన్నాడు.

అస్లాం భాయ్ హుషారుగా లేచాడు. ట్రంకు కింది నుంచి నల్లబూట్లు తీశాడు. ఎడమ బూటు ముందుభాగంలో పాత మేజోడు చుట్టి కుక్కాడు. గల్లీలోకి వెళ్ళి గుండయ్య బండి దాకా నడిచి వెనక్కి తిరిగాడు. ఏం నడకండీ అది! ఈ ఇరవై రెండేళ్ళ టప్-సర్ ఎక్కడికి పోయిందో. గుమ్మంలో మడమ కొట్టి నిలబడ్డాడు.

"కాలు ఎట్లుంది అస్లాం?" అన్నాడు వెస్లీ గారు గొంతు మార్చి.

"ఠీక్ హూఁ సాబ్!"

లుబ్నా దుపట్టా నోట్లో కుక్కుకుంది, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. మహబూబ్ బీ రెండు చేతులూ పైకెత్తి అల్లాకు అప్పగించింది. వెస్లీ గారు ఫైలు మూసేశాడు.

"నువ్వు కోర్టుకు పోతే మనం కేసు ఓడిపోతం, భాయ్. ఒక పని చెయ్, చెప్పులేసుకోని రా. నీ మామూలు నడక నడువు. అట్లైతే రా."

"చెప్పుల మీద సాబ్ ముందలికి పోవాల్నా?" అస్లాం భాయ్‌కి నిజంగానే కోపం వచ్చింది. "బూటు లేనిది నేను పోను."

ఆ మాట మీద అందరూ లేచారు. కానీ మర్నాడు పొద్దున టప్ కూడా వినబడలేదు. గుండయ్య బండి దాకా బూట్లతో నడిచినందుకు ఎడమకాలు బొబ్బలెక్కి వాచింది. బస్తీ దవాఖాన డాక్టరమ్మ చూసి నెల రోజులు బూటు ముట్టొద్దంది. గురువారం సాయంత్రం అస్లాం భాయ్ కిటికీలోంచి నన్ను పిలిచాడు.

"అక్కా, వకీల్ సాబ్‌కు ఫోన్ చేసి చెప్పు. వీడియోనే పెట్టమను."

"ఎందుకట్ల? చెప్పుల మీద పోతే ఏమైతది? చూడనీయ్ వాళ్ళను!"

"వీడియోల కాళ్ళు కనబడయ్ గదా," అన్నాడు. కాళ్ళు చూపించకుండా కాలి కేసు గెలవాలనుకునే మనిషిని ప్రపంచంలో ఇంకొకణ్ణి చూపించండి. గంటసేపు వాదించాను. గోడతో వాదిస్తే సున్నమైనా రాలేది.

విచారణ మంగళవారం పదకొండింటికి. మహబూబ్ బీ పొద్దున్నే షాబాదు బండల నేలను మూడుసార్లు కడిగింది. ఆ ఇంట్లో గడప దాటి చెప్పు లోపలికి రాదు, జడ్జిగారొచ్చినా రాదు. కుట్టుమిషను మీద పిండిడబ్బా, పిండిడబ్బాకు ఆనించి లుబ్నా ఫోను. ఎదురుగా కుర్చీ. అస్లాం భాయ్ పైన తెల్లచొక్కా, నల్లకోటు, రొమ్ము మీద మూడు మెడల్స్. కింద నీలం గళ్ళ లుంగీ, వట్టి కాళ్ళు.

"లుంగీ ఏంది భాయ్?"

"కనబడదక్కా."

నేను తలుపు వెనకాల నిలబడతానంటే వెస్లీ గారు ముందే ఫోనులో చెప్పాడు. "నిలబడమ్మా. కానీ ఒక్కమాట మాట్లాడినా కేసు ఖరాబైతది." ఆయన తన మనిషి తరఫున కోర్టుహాల్లోనే ఉన్నాడు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. అంతకంటే పెద్ద త్యాగం నేను ఈ జన్మలో చెయ్యలేదు.

పదకొండు దాటి ఇరవై నిమిషాలకు ఫోనులో బల్ల, బల్ల వెనుక ఇద్దరు కనబడ్డారు. ఒకాయన జడ్జి. రెండో ఆయన తెల్లమీసాలు, నిటారు మెడ. ఒకప్పుడు పెద్ద ఫౌజీ అధికారట. అస్లాం భాయ్ పేరు పిలిచారు.

అంతే. కుర్చీ వెనక్కి పోయింది. మనిషి లేచి సావధాన్‌లో నిలబడిపోయాడు. ఫోనులో మా వైపు చిన్నగళ్ళో చూస్తే తల లేదు, మొహం లేదు. కోటు గుండీలు, మెడల్స్ మాత్రమే ఉన్నాయి.

"కూర్చోండి," అన్నారు జడ్జిగారు హిందీలో.

"సాబ్!" అన్నాడు, కూర్చోలేదు.

"మీ మొహం కనబడటం లేదు. అక్కడ ఎవరైనా ఉంటే ఫోను కొంచెం దూరం జరపండి."

లుబ్నా ఫోను తీసుకుని వెనక్కి, ఇంకా వెనక్కి, గుమ్మం దాకా వచ్చింది. అప్పుడు మొత్తం కనబడ్డాడు. మొహం, మెడల్స్, నీలం గళ్ళ లుంగీ, దాని కింద కడిగిన బండల మీద రెండు పాదాలు. కుడిపాదం బండను గట్టిగా పట్టుకుని ఉంది. ఎడమది పొట్టిగా, ముందువైపు గుండ్రంగా, రొట్టె ఒత్తే ముందు పిండిముద్దలా ఉంది. బూటు లేదు, మేజోడు లేదు, దూది లేదు. మనిషి సావధాన్‌లోనే ఉన్నాడు, కానీ గాలికి దీపంలా ముందుకీ వెనక్కీ ఊగుతున్నాడు. అతనికి తెలియకుండానే ఎడమచెయ్యి వెళ్ళి కుట్టుమిషను అంచు పట్టుకుంది.

కోర్టుహాల్లో జడ్జిగారు చేతిలోని కలం కింద పెట్టారు. 

"కాలు ఎట్లా ఉంది?" అని మీసాలాయన అడిగారు.

"ఠీక్ హూఁ సాబ్!"

నా నోట్లో కొంగు లేకపోతే ఆ క్షణాన కేసు పోయేదే. మహబూబ్ బీ కళ్ళు మూసుకుంది.

మీసాలాయన ముందుకు వంగారు. "అస్లాం, ఇది పరేడ్ మైదానం కాదు. మీ ఇల్లు. ఇంట్లో ఎట్లా కూర్చుంటారో అట్లా కూర్చోండి. ఇది హుకుం."

హుకుం అనేసరికి కూర్చున్నాడు. కూర్చోగానే అలవాటుగా ఎడమకాలు ఎత్తి కుడిమోకాలి మీద పెట్టుకుని, అరచేత్తో నిమరడం మొదలుపెట్టాడు. రోజూ చేసే పనే. మేజోడు మీదనే నిమురుకోవడం నేను కిటికీలోంచి వందసార్లు చూసిందే. సంగతి గుర్తొచ్చి చటుక్కున దించబోయాడు కానీ, "ఉండనివ్వండి," అన్నారాయన.

సర్కారు తరఫు వకీలు లేచి తన కాగితం చదివాడు. మంచులో పనిచేసేవాడు తడి మేజోళ్ళు వెంటనే మార్చుకోవాలని నియమం ఉందట. మార్చుకోకపోవడం తన తప్పేనట.

"ఎందుకు మార్చుకోలేదు?" అని మీసాలాయన అస్లాం భాయ్‌నే అడిగారు.

ఈసారి అతను అరవలేదు. మామూలు గొంతుతో, నాకు వంటల గురించి చెప్పేటట్టు చెప్పాడు.

"సాబ్, రెండో జత గూడ తడిసే ఉండె. సాక్స్ ఆరాలంటే స్టవ్ కావాలె. స్టవ్ మండాలంటే కిరోసిన్ కావాలె. నేను పోయింది కిరోసిన్‌కే సాబ్."

హిందీలో చెప్పిన మాట. నేను తెలుగులో రాస్తున్నాను. మీసాలాయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. సర్కారు వకీలు కాగితం వైపే చూస్తూ ఉన్నాడు, చదవడం మాత్రం ఆపేశాడు.

"ఆ రోజు అందరూ తిన్నారా?" అని మళ్ళీ అడిగారాయన.

"పప్పు, అన్నం సాబ్. చాయ్ ముందల ఇచ్చిన."

ఫోను ఆగిపోయాక అస్లాం భాయ్ మొదట నా వైపు తిరిగి, "లుంగీ కనబడ్డదా అక్కా?" అన్నాడు. కనబడిందని ఎట్లా చెప్పను? "గళ్ళు కనబడలే," అన్నాను. వారం రోజులు అతను గల్లీలో తల ఎత్తలేదు. సాబ్ ముందు లుంగీతో కూర్చున్న సిగ్గులో కేసు సంగతే మరిచిపోయాడు.

ఆరు వారాలకు తీర్పు వచ్చింది. వెస్లీ గారు స్కూటర్ స్టాండు వేయకముందే నేను ఎదురింట్లో ఉన్నాను, ఈసారి కొత్తిమీర వంక కూడా పెట్టలేదు. ఆయన ఇంగ్లీషులో చదువుతూ తెలుగులో చెప్పాడు. "కాలు పోయింది సర్వీసు వల్లనే అని రాసిండ్రు. హుకుం మీద పోయిండు గనక లాపర్వాయి అన్న మాట చెల్లదు, కొట్టేస్తున్నం అన్నరు."

"మళ్ళొక్కసారి చదువుండ్రి," అన్నాడు అస్లాం భాయ్. చదివాడు. ఇంకోసారి అన్నాడు. మూడోసారి చదువుతుంటే మహబూబ్ బీ లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి వంటింట్లోంచి ముక్కు చీదిన చప్పుడు, దాని వెనకే చాయ్ గిన్నె పెట్టిన చప్పుడు వినబడ్డాయి.

"అయితే రెండో మాట ఇంకా ఉంది," అన్నాడు వెస్లీ గారు. "నడకకు ఇబ్బంది ఉందా లేదా, ఉంటే ఎంత, అది కొత్త మెడికల్ బోర్డు చూసి రాయాలంట. దానికి వీడియో లేదు భాయ్. మనిషే పోవాలె. డాక్టర్లు అడుగుతరు."

అందరం అస్లాం భాయ్ మొహం చూశాం. అతను కాలు చూసుకున్నాడు.

ప్లాస్టిక్ తొడుగు వేసిన పాత కాగితం ఇప్పుడు మహబూబ్ బీ దగ్గరుంది. నకళ్ళు వెస్లీ గారి ఫైల్లో ఉన్నాయి కాబట్టి, ఆమె దాంతో బొగ్గుల కుంపటి విసురుకుంటోంది. గాలి బాగా వస్తుందట.

బోర్డుకు వెళ్ళే రోజు పొద్దున్నే నేను గడప మీద కూర్చున్నాను. బియ్యం చాటలో లేవు కానీ ఏరుతున్నట్టే కూర్చున్నాను. ఎదురింటి తలుపు తెరుచుకుంది. టప్, సర్. టప్, సర్. చేతికర్ర చప్పుడు కొత్తగా మధ్యలో చేరింది. కాళ్ళకు చెప్పులున్నాయి, ఎడమచెప్పు ముందుభాగంలో గుండయ్య మెత్తటి తోలుముక్క ఒకటి కుట్టి ఉంచాడు. నాకు చెప్పకుండా కుట్టాడు చూడండి!

నన్ను చూడగానే అలవాటు ప్రకారం వీపు నిటారయింది.

"ఎట్లున్నరు భాయ్?" అన్నాను.

"ఠీ..." అని ఆగాడు. మహబూబ్ బీ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆటోలో కూర్చున్న లుబ్నా తల బయట పెట్టింది. అస్లాం భాయ్ కర్ర మీదికి వంగి, నేల చూస్తూ, ఎవరి సొమ్మో దొంగిలిస్తున్నట్టు చిన్నగా అన్నాడు.

"నొస్తదక్కా. మెట్లు దిగేటప్పుడు మస్తు నొస్తది. అర్ధగంట కంటే ఎక్కువ నిలబడలేను."

"ఎప్పటిసంది?"

"ఇరవై రెండేండ్ల సంది."

"అట్లనే చెప్పుండ్రి! అక్కడ గూడ అచ్చం అట్లనే చెప్పుండ్రి!" అని మహబూబ్ బీ గుమ్మంలోంచి అరిచింది.

"చెప్తనే బాబా, లొల్లి చెయ్యకు," అని అతను ఆటో ఎక్కాడు. ఎక్కేటప్పుడు ఎడమకాలు రెండు చేతులతో పట్టుకుని లోపల పెట్టుకున్నాడు, గల్లీ అంతా చూస్తుండగానే.